కార్ల రేసు ట్రాక్‌పై హాఫ్ మారథాన్, మారథాన్ పరుగెత్తడం ఎలా?

రోడ్డు మీద ఒకటి రెండు హాఫ్ మారథాన్లు పూర్తిచేసి, ఇప్పుడు రేసు ట్రాక్ మీద జరిగే పోటీకి పేరు నమోదు చేసుకున్నవారు అడిగే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి. ఎన్ని చుట్లు తిరిగామో గుర్తు పెట్టుకోవడం ఎలా? గడియారం 21 కిలోమీటర్లకు బదులు 21.5 ఎందుకు చూపిస్తుంది? ట్రాఫిక్ లేదు, గుంతలు లేవు, దారంతా నున్నగా ఉంది, అయినా చివరి చుట్టులో కాళ్లు ఎందుకు మొరాయిస్తాయి?

ఈ మూడింటికీ మూలం ఒక్కటే. రోడ్డు పోటీని కిలోమీటర్ల లెక్కన పరుగెత్తుతాం. రేసు ట్రాక్‌ను ల్యాప్‌ల (చుట్ల) లెక్కన పరుగెత్తాలి. వేగం, నీళ్లు, ఆహారం, మనసు, అన్నింటినీ ల్యాప్‌కు కట్టేసుకున్నవారికి ఈ పోటీ తేలిక. కిలోమీటర్లనే పట్టుకుని వేలాడేవారికి కష్టం.

ఇటలీలోని మోంజా ట్రాక్‌పై 2017 మే 6 ఉదయం కెన్యా పరుగువీరుడు ఎలియుడ్ కిప్చోగే 2 గంటల 25 సెకన్లలో మారథాన్ దూరం పూర్తిచేసిన సంగతి చాలామందికి తెలుసు. ఆ పరుగు 5.793 కిలోమీటర్ల పూర్తి ట్రాక్ మీద జరగలేదు. లోపల ఉన్న దాదాపు 2.4 కిలోమీటర్ల చిన్న చుట్టును ఎంచుకున్నారు. చదునైన దారి, పెద్దగా వేగం తగ్గించక్కరలేని మలుపులు, దారిలో చేతికందించే నీళ్లు, ముందు బాణం ఆకారంలో నడిచే సహాయక పరుగువీరులు. ఒక్కో ల్యాప్‌కు సుమారు 6 నిమిషాల 50 సెకన్లు పట్టింది. సహాయకులు వంతులవారీగా మారడం వంటి కారణాలతో దాన్ని రికార్డుగా లెక్కించలేదు. మనకు అంత ఏర్పాటు ఉండదు. కానీ పరుగును ల్యాప్‌లుగా కోసుకుని, ప్రతి ల్యాప్‌నూ ఒకే తీరుగా నడిపించడం ఎవరైనా చేయగలిగిన పని.

ముందుగా మీ ట్రాక్ లెక్క

హాఫ్ మారథాన్ అంటే 21.0975 కి.మీ., మారథాన్ అంటే 42.195 కి.మీ. ఉదాహరణకు మూడు ట్రాక్‌లు తీసుకుంటున్నాను. అబుదాబిలోని యాస్ మరీనాను సాయంత్రం వేళల్లో నడిచేవారికి, పరుగెత్తేవారికి, సైకిల్ తొక్కేవారికి తెరుస్తారు. అక్కడ పనిచేసే తెలుగువారు నేరుగా వెళ్లి సాధన చేయవచ్చు. గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ ట్రాక్‌పై 2011 నుంచి 2013 వరకు ఫార్ములా వన్ జరిగింది. ఇక మనకు దగ్గరిది చెన్నై శివారు ఇరుంగాట్టుకోట్టైలోని మద్రాస్ ట్రాక్.

- యాస్ మరీనా: 5.281 కి.మీ. (2021లో ట్రాక్ మార్చిన తర్వాతి పొడవు). 4 ల్యాప్‌లు 21.124 కి.మీ., 8 ల్యాప్‌లు 42.248 కి.మీ.
- బుద్ధ్: 5.125 కి.మీ. హాఫ్ మారథాన్‌కు 4 ల్యాప్‌ల పైన ఇంకో 600 మీటర్లు కావాలి.
- మద్రాస్: 3.717 కి.మీ. హాఫ్ మారథాన్‌కు 5 ల్యాప్‌ల పైన దాదాపు 2.5 కి.మీ. కావాలి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ట్రాక్ పొడవుగా ప్రకటించే అంకె ట్రాక్ మధ్యగీత వెంట కొలిచినది. పరుగు పోటీ దూరాన్ని అలా కొలవరు. పరుగెత్తే మనిషి వెళ్లగలిగిన అతి దగ్గరి దారి వెంట, మలుపుల్లో లోపలి అంచుకు 30 సెంటీమీటర్ల దూరంలో, లెక్కపెట్టే పరికరం బిగించిన సైకిల్‌తో కొలుస్తారు. దారి పొరపాటున కూడా తక్కువ కాకూడదని వెయ్యికి ఒకటి చొప్పున కలుపుతారు. అంటే మారథాన్‌కు 42 మీటర్లు. అందువల్ల యాస్ మరీనాలో 8 ల్యాప్‌లు కాగితం మీద మారథాన్‌కు సరిపోయినట్టు కనిపించినా, దగ్గరి దారిలో కొలిస్తే తగ్గిపోతాయి. సరిగా పోటీ పెట్టేవారు ఆ లోటును ఎక్కడో ఒకచోట కలుపుతారు. ప్రారంభ గీతను వెనక్కి జరపవచ్చు, లేదా మొదటి ల్యాప్‌లో చిన్న అదనపు తిరుగుడు పెట్టవచ్చు. ఎక్కడ కలిపారో ముందే తెలుసుకోండి.

కావలసినవి

- ల్యాప్ బటన్ ఉన్న చేతి గడియారం. జీపీఎస్ లేకపోయినా ఫరవాలేదు, బటన్ మాత్రం ఉండాలి.
- ల్యాప్‌లు ఎన్నో అన్ని సన్న రబ్బరు బ్యాండ్లు.
- కనీసం 60, 70 కిలోమీటర్లు పరుగెత్తి అలవాటు చేసుకున్న బూట్లు. తారు దారికి పనికివచ్చే మామూలు రోడ్డు బూట్లు చాలు.
- టోపీ, చలువ కళ్లద్దాలు, సన్‌స్క్రీన్. ట్రాక్ మీద చెట్టు నీడ ఉండదు.
- తొడలు, చంకలు ఒరుసుకోకుండా పెట్రోలియం జెల్లీ.
- పేరు, బిబ్ (ఛాతీకి తగిలించుకునే పోటీ చీటీ) నంబరు రాసిన మీ సొంత సీసాలు. సొంత సీసాలకు బల్ల ఇస్తారో లేదో అడిగి తెచ్చుకోండి.
- సాధనలో మీ కడుపుకు పడిన జెల్ (పరుగులో మింగే తీపి శక్తి గుజ్జు), ఖర్జూరాలు లేదా ఓఆర్ఎస్. పోటీ రోజున కొత్తవి ప్రయత్నించవద్దు.

దశలు

1. పోటీ దిశ, ముగింపు స్థలం కనుక్కోండి. బుద్ధ్, మద్రాస్ ట్రాక్‌లలో కార్లు సవ్యదిశలో తిరుగుతాయి, యాస్ మరీనాలో అపసవ్యదిశలో. పరుగు పోటీ కూడా అదే దిశలో ఉండాలన్న నియమమేమీ లేదు. ముగింపు గీత ప్రారంభ గీత దగ్గరే ఉందా, పిట్ లేన్‌లో (రేసు కార్లు ఆగే పక్క దారిలో) ఉందా అన్నది అంతకన్నా ముఖ్యం. పిట్ లేన్‌లో ఉంటే చివరి ల్యాప్‌లో ప్రధాన ట్రాక్ వదిలి పక్కకు తిరగాలి. అలసిన బుర్రకు ఆ మలుపు గుర్తుండదు. పోటీకి ముందు అక్కడికి నడిచి వెళ్లి కళ్లారా చూసి రండి.

2. ల్యాప్ సమయం రాసుకోండి. హాఫ్ మారథాన్‌ను 2 గంటల్లో ముగించాలంటే కిలోమీటరుకు 5 నిమిషాల 41 సెకన్లు. దాన్ని ల్యాప్‌లోకి మార్చితే యాస్ మరీనాలో 30 నిమిషాల 2 సెకన్లు, బుద్ధ్‌లో 29 నిమిషాల 9 సెకన్లు, మద్రాస్‌లో 21 నిమిషాల 8 సెకన్లు. రెండున్నర గంటల లక్ష్యమైతే వరుసగా 37:33, 36:26, 26:26. గంటా ముప్పావు లక్ష్యమైతే 26:17, 25:30, 18:30. నాలుగు గంటల మారథాన్‌కు వేగం రెండు గంటల హాఫ్‌తో సమానమే కాబట్టి ల్యాప్ సమయమూ అదే. యాస్ మరీనాలో అరగంటకు ఒక ల్యాప్ అన్న లెక్క ఎంత అలసటలోనైనా గుర్తుంటుంది. మీ ట్రాక్ వేరైతే కిలోమీటరు సమయాన్ని సెకన్లలోకి మార్చి ట్రాక్ పొడవుతో గుణించండి. వచ్చిన అంకెను ముంజేతి మీద పెన్నుతో రాసుకోండి.

3. చుట్టు తిరిగే సాధన చేయండి. సుదీర్ఘ పరుగును ఊరి చివరిదాకా వెళ్లి వెనక్కి వచ్చేలా కాకుండా, 2 నుంచి 4 కిలోమీటర్ల చుట్టును పదే పదే తిరిగేలా మార్చండి. పోటీకి ముందు నెలన్నర పాటు వారానికి ఒక్కసారి ఇలా చేస్తే చాలు. మీ కాలనీ చుట్టూ, విశ్వవిద్యాలయ ప్రాంగణంలో, చెరువుకట్ట మీద, ఎక్కడైనా సరే. వాహనాలు తక్కువ ఉన్న వేళ ఎంచుకోండి. హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఎన్టీఆర్ మార్గ్ వైపు పరుగెత్తేవారికి ఒక మాట: 2023 ఫిబ్రవరి 11న ఫార్ములా ఈ కార్లు తిరిగిన సుమారు 2.8 కిలోమీటర్ల ట్రాక్‌లో మీ దారి కొంత భాగం. సంచి ఒకచోట పెట్టి, ప్రతి చుట్టు చివర ఆ సంచిని దాటుకుంటూ ముందుకు సాగండి. ఆగిపోవాలన్న కోరిక ప్రతిసారీ అక్కడే పుడుతుంది. పోటీ రోజున పిట్ భవనం ముందు పుట్టే కోరిక కూడా అదే. దాన్ని దాటడం ఇక్కడే నేర్చుకోవాలి.

4. ముందు రోజు, లేదా ఉదయాన్నే, ఒక ల్యాప్ నడవండి. అనుమతిస్తే పూర్తి ల్యాప్ నడిచి చూడండి. టీవీలో చదునుగా కనిపించే ట్రాక్‌కు నిజానికి ఎత్తుపల్లాలు ఉంటాయి. బుద్ధ్‌లో మూడో మలుపు వైపు ఎక్కుడు కాళ్లకు బాగా తెలుస్తుంది. దాని తర్వాత వచ్చే తిన్నని దారి ఒక్కటే కిలోమీటరుకు పైగా ఉంటుంది. గాలి ఎటునుంచి వీస్తోందో చూడండి. మరుగుదొడ్లు ఎక్కడున్నాయో చూడండి, సాధారణంగా పిట్ భవనం వైపు మాత్రమే ఉంటాయి. మార్షళ్లు (ట్రాక్ పక్కన భద్రత చూసే సిబ్బంది) నిలబడే చోట్లకు నంబర్లుంటాయి. ఎవరికైనా సాయం కావాల్సివస్తే ఆ నంబరు చెప్తే అంబులెన్సు నేరుగా అక్కడికి వస్తుంది.

5. ప్రారంభంలో వెనక్కి పట్టుకోండి. వెడల్పాటి దారి, అద్దంలాంటి తారు, గ్రాండ్‌స్టాండ్ (ప్రేక్షకుల గ్యాలరీ) ముందు మొదలయ్యే పరుగు. మొదటి కిలోమీటరు వేగం మనకు తెలియకుండానే పెరుగుతుంది. రోడ్డు పోటీలో ఇరుకు సందులు, జనం మనల్ని ఆపుతారు. ఇక్కడ ఆపేవారెవరూ లేరు. మొదటి ల్యాప్ లక్ష్యం కన్నా 15, 20 సెకన్లు ఎక్కువ పట్టినా పరవాలేదు. తక్కువ పడితే మాత్రం అది హెచ్చరిక.

6. దారి ఎంచుకోండి. ఈ పోటీలో ఉచితంగా దొరికే లాభం ఇదొక్కటే, అయినా ఎక్కువమంది వదిలేసుకునేదీ ఇదే. కొత్త ట్రాక్‌లకు ఉండవలసిన కనీస వెడల్పు 12 మీటర్లు. అంత వెడల్పున్న ట్రాక్‌ను లోపలి అంచు వెంట తిరిగితే, బయటి అంచు వెంట తిరిగినదాని కన్నా ఒక్కో ల్యాప్‌కు 75 మీటర్లు తగ్గుతుంది. 8 ల్యాప్‌లకు 600 మీటర్లు. కిలోమీటరుకు 5:41 వేగంతో పరుగెత్తేవారికి అది దాదాపు మూడున్నర నిమిషాలు. అంచునే పట్టుకోకుండా ఒక మలుపు లోపలి కొన నుంచి తర్వాతి మలుపు లోపలి కొనకు సరళరేఖలో వెళ్తే ఇంకా తగ్గుతుంది. పోటీ దూరాన్ని కొలిచిందే ఆ దారిలో.

తారు మీద నల్లగా మెరిసే టైర్ల జాడను మాత్రం అనుసరించవద్దు. అది కార్ల దారి. వేగం తగ్గకుండా మలుపు తిరగడానికి డ్రైవర్లు బయటి నుంచి లోపలికి, మళ్లీ బయటికి వెడల్పుగా తిరుగుతారు. మనకు కావలసింది పొట్టి దారి. పైగా రబ్బరు అంటుకున్న ఆ జాడ వాన పడితే జారుతుంది.

హెచ్చరికలు రెండు. మలుపుల్లో ఉండే ఎరుపు తెలుపు కర్బ్‌ల మీద కాలు పెట్టవద్దు. అవి గాడులతో ఎగుడుదిగుడుగా ఉంటాయి, తడిస్తే రంగు జారుతుంది. చీలమండ మెలితిరిగేది అక్కడే. వాటికి ఒక అడుగు ఇవతల ఉండండి. రెండోది, సైకిళ్లు కూడా తిరిగే సాయంత్రాల్లో సాధన చేస్తుంటే దగ్గరి దారి ఆలోచన పూర్తిగా మానేయండి. మీకు కేటాయించిన వైపే ఉండండి. వెనుక నుంచి గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వచ్చే సైకిల్ చప్పుడు వినిపించదు.

7. ల్యాప్ లెక్క రెండు విధాలుగా పెట్టుకోండి. పోటీ మొదట్లో రబ్బరు బ్యాండ్లన్నీ ఎడమ చేతికి ఉంచండి. ఒక ల్యాప్ పూర్తిచేసి ప్రారంభ గీత దాటిన ప్రతిసారీ ఒకటి తీసి కుడి చేతికి మార్చండి, అదే క్షణంలో గడియారం ల్యాప్ బటన్ నొక్కండి. ఒకటి మరిచినా రెండోది కాపాడుతుంది. గీత దగ్గర తెర మీద ల్యాప్ సంఖ్య చూపిస్తే మంచిదే, కానీ గుంపులో వెళ్తున్నప్పుడు ఎవరి అంకె ఎవరిదో తెలియదు. గడియారంలో ప్రతి కిలోమీటరుకూ దానంతటదే ల్యాప్ పడే ఏర్పాటును ముందు రోజే ఆపేయండి, లేకపోతే మీ ల్యాప్‌లు కిలోమీటర్లతో కలిసిపోతాయి.

మొదటి ల్యాప్‌లో అదనపు దూరం ఉంటే, మొదటి సమయం ఎక్కువ రావడం సహజం. దాన్ని చూసి కంగారుపడి రెండో ల్యాప్‌లో ఉరకవద్దు.

8. తాగడం, తినడం ల్యాప్‌కు ముడిపెట్టండి. ల్యాప్ అరగంట పడితే లెక్క సులువు. రెండో ల్యాప్ మొదలైనప్పటి నుంచి ల్యాప్‌కు ఒక జెల్. సాధారణ జెల్‌లో 20 నుంచి 25 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది, అంటే గంటకు 40 నుంచి 50 గ్రాములు అందుతాయి. చాలామందికి అది సరిపోతుంది. మద్రాస్ వంటి పొట్టి ట్రాక్‌లో ల్యాప్ 20 నిమిషాలే కాబట్టి ఒక ల్యాప్ వదిలి ఒక ల్యాప్‌లో తీసుకోండి. జెల్ మింగాల్సింది నీళ్లతోనే, తీపి పానీయంతో కాదు.

నీళ్ల బల్ల ప్రతి చుట్టులోనూ ఎదురవుతుంది కాబట్టి ప్రతిసారీ తాగాలనిపిస్తుంది. దాహాన్ని బట్టి తాగండి. అవసరానికి మించి ఉత్త నీళ్లు తాగితే రక్తంలో సోడియం పలచబడి ప్రమాదం వస్తుంది. మూడు గంటలు దాటే పరుగులో ఓఆర్ఎస్ వంటి ఉప్పు కలిసిన ద్రవం ఉండాలి. ఎండ ఎక్కువైతే గ్లాసు నీళ్లు తల మీద, మెడ మీద పోసుకోండి. నల్లటి తారు కింది నుంచి కూడా వేడిని వదులుతుంది. తల తిరగడం, ఒళ్లు గగుర్పొడవడం, చెమట ఆగిపోవడం, మాట తడబడటం కనిపిస్తే ఆ ల్యాప్ పూర్తిచేయాలన్న పట్టుదల వద్దు. దగ్గరి మార్షల్ దగ్గర ఆగిపోండి.

9. గాలిని పంచుకోండి. ట్రాక్ చుట్టూ భవనాలు, చెట్లు లేక తిన్నని దారుల్లో గాలి నేరుగా కొడుతుంది. చుట్టు కాబట్టి ఎదురుగాలి ఎంతసేపో వెనుకగాలి అంతసేపు ఉంటుందని లెక్కవేసుకోవద్దు. ఎదురుగాలి తీసుకునేది వెనుకగాలి తిరిగి ఇచ్చేదాని కన్నా ఎక్కువ. ఎదురుగాలి ఉన్న దారిలో మీ వేగానికి తగిన ఇద్దరు ముగ్గురి వెనుక ఒకటిన్నర మీటరు దూరంలో ఉండండి, కాసేపటికి మీరూ ముందుకు వచ్చి వంతు తీసుకోండి. అక్కడ వేగం పడిపోతే పడనివ్వండి. శ్రమ ఒకేలా ఉంచండి. సమయాన్ని ల్యాప్ చివరనే చూసుకోండి.

10. మధ్య ల్యాప్‌లకు పని పెట్టండి. గ్రాండ్‌స్టాండ్ ముందు తప్ప ప్రేక్షకులు ఉండరు. హాఫ్‌లో మూడో ల్యాప్, మారథాన్‌లో ఐదు, ఆరు ల్యాప్‌లు అందరికీ బరువే. ట్రాక్‌ను మూడు ముక్కలుగా చూడండి. ఒక ముక్కలో శ్వాస, ఒక ముక్కలో దారి ఎంపిక, ఒక ముక్కలో భుజాలు వదులు చేయడం, ఇలా ఒక్కో ముక్కకు ఒక్కో పని. మిగిలిన కిలోమీటర్లు లెక్కపెట్టవద్దు. చివరి ల్యాప్ మొదలయ్యాక ఒక్కో చోటునూ చివరిసారి దాటుతున్నామన్న ఆలోచన కాళ్లకు బలమిస్తుంది. ఇది రోడ్డు పోటీలో దొరకదు.

తరచూ జరిగే పొరపాట్లు

*పక్కనవారిని వెంబడించడం.* ఒకే ట్రాక్‌లో 10 కిలోమీటర్లవారు, హాఫ్‌వారు, మారథాన్‌వారు కలిసే తిరుగుతుంటారు. మిమ్మల్ని దాటినవారు మీ పోటీలో లేకపోవచ్చు, లేదా మీకన్నా ఒక ల్యాప్ ముందుండవచ్చు. బిబ్ రంగు చూసి గుర్తుపట్టండి.

*ఒక ల్యాప్ ముందే ముగించడం.* అన్నింటిలోకీ బాధ కలిగించేది ఇదే. ముందున్నవారు పిట్ లేన్‌లోకి తిరిగారని వారి వెంటే వెళ్లి, ముగింపు గీత దాటాక తెలుసుకుంటారు. ఆ తర్వాత వెనక్కి వచ్చినా ఫలితం లెక్కకు రాకపోవచ్చు. ఎడమ చేతికి ఒకటికన్నా ఎక్కువ బ్యాండ్లు ఉన్నాయంటే ఈ ల్యాప్ తర్వాత ఇంకో ల్యాప్ ఉందన్నమాట.

*టైమింగ్ గీతను పక్కనుంచి దాటడం.* నీళ్ల బల్ల కోసం పక్కకు వెళ్లి, అదే ఊపులో టైమింగ్ చాప (మీ చిప్‌ను గుర్తించి సమయం నమోదుచేసే పట్టీ) బయటనుంచి దాటితే ఆ ల్యాప్ నమోదు కాదు. చాప మీదుగానే వెళ్లండి.

*మరీ కొత్త బూట్లు.* తారు ఒకే తీరుగా ఉండటంతో ప్రతి అడుగూ పాదంలో ఒకే చోట పడుతుంది. రోడ్డు మీద కనిపించని చిన్న ఒరిపిడి ఇక్కడ పదిహేనో కిలోమీటరుకల్లా బొబ్బ అవుతుంది.

*వాలు ఉన్న అంచులోనే తిరగడం.* నీరు జారిపోవడానికి తిన్నని దారుల్లో కూడా తారుకు పక్కవాలు ఉంటుంది. ఎప్పుడూ ఒకే అంచున పరుగెత్తితే ఒక మోకాలి బయటివైపు నొప్పి మొదలవుతుంది. మలుపుల మధ్య సరళరేఖలో వెళ్లేవారు సహజంగానే రెండు వైపులా మారుతుంటారు, కాబట్టి ఆరో దశ పాటిస్తే ఇది కూడా సర్దుకుంటుంది.

ఫలితం సరిచూసుకోవడం

మొదట గడియారంలోని ల్యాప్ సమయాలు ఒక కాగితం మీద రాయండి. యాస్ మరీనాలో రెండు గంటల హాఫ్ లక్ష్యానికి 30:20, 30:00, 29:50, 29:45 వంటి వరుస వస్తే మొత్తం 1:59:55. ఇంతకన్నా మంచి పరుగు అక్కర్లేదు. అతి వేగవంతమైన ల్యాప్‌కూ అతి నెమ్మదైన దానికీ తేడా 40 సెకన్లలోపు ఉంటే వేగం మీద మీకు పట్టు వచ్చినట్టే. 28:30తో మొదలై 32:30తో ముగిస్తే సత్తువ లోపం అనుకోవద్దు, తప్పు మొదటి ల్యాప్‌లో జరిగింది. మధ్యలో ఒక్క ల్యాప్ మాత్రమే పడిపోయి తర్వాత కోలుకుంటే నీళ్ల బల్ల దగ్గర ఎంతసేపు ఆగారో, జెల్ సమయానికి తీసుకున్నారో చూడండి.

తర్వాత దూరం. గడియారం 21.2 నుంచి 21.3 చూపిస్తే దారి బాగా ఎంచుకున్నట్టు. 21.5 దాటితే ఎక్కువసేపు బయటి వైపు తిరిగారు, లేదా జీపీఎస్ తడబడింది. యాస్ మరీనాలో ట్రాక్ పైనుంచి హోటల్ వంతెన వెళ్తుంది, అలాంటి కప్పుల కింద సంకేతం చెదురుతుంది. ఏది కారణమో తేల్చుకోవడానికి ఫోనులో మీ దారి పటం తెరిచి మలుపుల దగ్గర పెద్దది చేసి చూడండి. గీత ప్రతి ల్యాప్‌లోనూ ఒకే చోట బయటికి ఉబ్బితే అది మీ దారి. ఒక్క ల్యాప్‌లో మాత్రమే ట్రాక్ దాటి ఎక్కడికో పోతే అది జీపీఎస్.

చివరగా నిర్వాహకులు ప్రకటించిన ల్యాప్ సమయాలను మీవాటితో పోల్చండి. ఒకచోట అరగంటకు బదులు గంట కనిపిస్తే చాప మీద మీ చిప్ ఒకసారి నమోదు కాలేదని అర్థం. బిబ్ నంబరు, గడియారంలోని ల్యాప్‌ల చిత్రం, ఆ సమయంలో గ్రాండ్‌స్టాండ్ ముందు తీసిన ఫోటో ఏదైనా ఉంటే అది, ఈ మూడింటితో అదే రోజు నిర్వాహకులకు రాయండి. తుది ఫలితాలు ఖరారయ్యాక మార్చడం కష్టం.